బృహద్ధమని చీలిక: అది యేమి, అప్పుడు చేయవలసిన దేమి

గుండెపోటు అను మాట నెరుగని యిల్లు నేడు లేదు. పక్షవాతమును అట్లే అందరికి దెలిసినదే. కాని యీ రెండింటి వేషమును ధరించి వచ్చి, రెండింటికంటెను వేగముగా ప్రాణము తీయగల మూడవ వ్యాధి యొకటి కలదు. దానికి మన వాడుకలో స్థిరపడిన పేరైనను లేదు. వైద్యులు అయోర్టిక్ డిసెక్షన్ అందురు. మనము బృహద్ధమని చీలిక యందము. ఇది అరుదైన వ్యాధియే. పాశ్చాత్య దేశములలో లెక్క వ్రాసి యుంచిన చోట్ల ఏటికి లక్షమందిలో సుమారు ముగ్గురికో నలుగురికో వచ్చుచున్నట్లు తేలినది.

అంత యరుదైన దానిని గూర్చి పాఠశాల పత్రికలో వ్రాయనేల యని పెద్దలు కొందరడుగవచ్చును. మన కాప్రా, సైనికపురి, ఏ. ఎస్. రావు నగర్, మౌలాలి ప్రాంతములలోని యిండ్లను తలచుకొన్నచో ప్రత్యుత్తరము దొరకును. తల్లిదండ్రులు ప్రొద్దున్నే యుద్యోగములకు పోవుదురు. ఇంట నుండువారు పింఛను పుచ్చుకొను తాతగారు, అమ్మమ్మగారు, బడి విడిచి వచ్చిన పిల్లలు. పెద్దవారు హఠాత్తుగా ఛాతీ పట్టుకొని కూలబడినప్పుడు ప్రక్క నుండునది పదునాలుగేండ్ల బాలుడో బాలికయో కావచ్చును. ఆ గడియలో వారేమి చేయుదురో, ఫోనులో ఏమి చెప్పుదురో దానిపై ఒక ప్రాణము వ్రేలాడును. కావున ఈ విషయము వైద్యులకు మాత్రమే చెందినది కాదు.

మొదట ఆ నాళము నెరుగవలెను. గుండె యొక్క ఎడమ జఠరికనుండి బయలుదేరు బృహద్ధమని మన దేహములో నెల్ల పెద్ద రక్తనాళము. అది మెడవైపునకు లేచి, చేతికర్ర పిడివలె వంగి, వెన్నెముక వెంబడి దిగి, రొమ్మును పొట్టను వేరుచేయు కండరపు తెరను దాటి, బొడ్డు దాపున రెండు పాయలై కాళ్లకు పోవును. దారిలో దానినుండి చీలిన కొమ్మలే గుండె కండరమునకును, మెదడునకును, చేతులకును, ప్రేగులకును, మూత్రపిండములకును రక్తమందించును. మొదటి భాగమున దాని వెడల్పు సుమారు 3 సెంటీమీటర్లు. గోడ మందమో, 2 మిల్లీమీటర్లకు మించదు. ఇంత పలుచని గోడ గల గొట్టముగుండా నిమిషమునకు 5 లీటర్ల చొప్పున రక్తము పోవుచుండును. అనగా దినమునకు 7,200 లీటర్లు. గుండె దినమునకు లక్షసార్లు కొట్టుకొనును. ప్రతిసారియు ఆ గోడపై నొక దెబ్బ పడును. డెబ్బదియేండ్ల మనుష్యుని బృహద్ధమని యెన్ని దెబ్బలకు నిలిచినదో బాలురు గుణించి చూచుకొనవచ్చును. అది చీలుట వింత కాదు; సాధారణముగా చీలకుండుటయే వింత.

ఆ గోడలో మూడు పొరలున్నవి. లోపలి పొర మిక్కిలి పలుచనిది, నునుపైనది. నడిమి పొర కండరముతోను, రబ్బరువలె సాగి ముడుచుకొను తంతువులతోను అల్లబడినది. గుండె రక్తమును త్రోసినప్పుడు సాగి, గుండె విశ్రమించినప్పుడు ముడుచుకొని, రక్తము నిలిచిపోకుండ ముందుకు నడపునది ఇదియే. వెలుపలి పొర గట్టిది. కట్టకడపటి కాపు అదే. ఇక చీలిక యెట్లు కలుగునో చెప్పెదను. అస్తరు వేసిన కోటు జేబు లోపల చిరిగినదనుకొనుడు. అందు వేసిన నాణెము క్రింద పడదు. అస్తరునకును పై గుడ్డకును నడుమ జారి, కోటు అంచువరకు పోవును. బృహద్ధమనిలోను సరిగా నిట్లే జరుగును. లోపలి పొరలో ఒక చిన్న చిరుగు పడును. ఒత్తిడితో వచ్చు రక్తము ఆ చిరుగులో దూరి, నడిమి పొరను రెండుగా విడదీయుచు, గుండె కొట్టుకొనిన ప్రతిసారియు కొంత కొంత ముందుకు సాగును. క్షణములలో మూరెడు పొడవు చీలవచ్చును. అప్పుడు నాళము రెండు దారు లగును: ఒకటి నిజమైనది, రెండవది దొంగదారి.

దొంగదారి యుబ్బి నిజమైన దారిని నొక్కివేయును. కొమ్మల నోళ్లను మూసివేయును. మెదడునకు పోవు కొమ్మ మూసికొనినచో నోరు వంకరపోయి, చేయి పడిపోయి పక్షవాతమువలె కనబడును. గుండె కండరమునకు పోవు కొమ్మ మూసికొనినచో అది నిజముగా గుండెపోటే యగును. ప్రేగుల కొమ్మయైన కడుపునొప్పి. కాలి కొమ్మయైన కాలు చల్లబడి తిమ్మిరెక్కును. ఒకే వ్యాధి యిన్ని రూపములు దాల్చుటచే వైద్యులు సైతము మోసపోవుదురు. చీలిక వెనుకకు గుండెవైపు ప్రాకినచో గుండె ద్వారమున నుండు కవాటము సరిగా మూసికొనదు; అంతకంటె ఘోరము, గుండె నావరించిన సంచిలోనికి రక్తము కారి, గుండె విచ్చుకొనుటకు చోటు లేకుండ బిగించివేయును. తుదకు వెలుపలి పొర తెగెనా, ఇక చేయదగిన దేమియు లేదు.

ఈ వ్యాధిని మొదట స్పష్టముగా కన్నులార చూచి వ్రాసిన సందర్భము ఒక రాజుగారి మరణము. మచిలీపట్టణము కోట ఆంగ్లేయుల వశమైన మరుసటి యేట, 1760 అక్టోబరు 25వ తేదీ ఉదయమున, ఇంగ్లండు రాజగు రెండవ జార్జి లండనులో నిదురలేచి, చాకొలెటు పానీయము త్రాగి, కాలకృత్యములకై ప్రక్క గదిలోనికి పోయెను. కొంతసేపటికి ఏదో పడిన చప్పుడు విని సేవకుడు పోయి చూడగా రాజు నేలపై పడియుండెను. వయస్సు 76 సంవత్సరములు. దేహమును పరీక్షించిన ఫ్రాంక్ నికొల్స్ అను వైద్యుడు గుండె సంచి నిండ గడ్డకట్టిన రక్తము సుమారు ఒక పైంటు ఉన్నదనియు, బృహద్ధమని లోపలి వైపున అంగుళమున్నర పొడవున అడ్డముగా ఒక చీలిక కలదనియు, ఆ చీలికగుండా రక్తము వెలుపలి పొర క్రిందికి ప్రాకినదనియు వ్రాసెను. కోటు అస్తరులో నాణెము జారుటయే యది. తరువాత 1819లో, స్టెతస్కోపును కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లేనెక్ ఈ వ్యాధికి పొరలను విడదీయునది యను అర్థము వచ్చు పేరు పెట్టెను. పేరు పెట్టుట సులభము. చికిత్స దొరకుటకు మరి నూటముప్పదియైదేండ్లు పట్టెను.

ఆ చికిత్సను సాధించినది అమెరికాదేశపు హ్యూస్టన్ నగరమున నుండిన మైకేల్ డిబేకీ అను శస్త్రవైద్యుడు. చీలిన భాగమును తీసివేసి దాని స్థానమున అతుకుటకు గొట్టము కావలెను. నైలాను గుడ్డ కొనుటకై దుకాణమునకు పోగా అది లేదనియు, డేక్రాన్ అను క్రొత్త గుడ్డ యున్నదనియు చెప్పిరట. దానినే కొని, ఇంట భార్య కుట్టుమిషను ముందు కూర్చుండి స్వయముగా గొట్టములు కుట్టెను. కుట్టుపని ఆయనకు చిన్ననాడు తల్లి నేర్పిన విద్య. (మన బడిలో కుట్టుపని తరగతి మాకేల యని గొణిగెడు బాలు రీ వాక్యమును మరల చదువుదురు గాక.) డేక్రాన్ గొట్టమునే నేటికిని లోకమంతట వాడుచున్నారు. 1954లో డిబేకీయు ఆయన సహచరులును బృహద్ధమని చీలికకు శస్త్రచికిత్స చేసి జయమందిరి.

విధి చిత్రమైనది. 2005 డిసెంబరు 31వ తేదీని, తన 97వ యేట, డిబేకీ ఇంట నొంటరిగా నుండగా ఆయనకే యీ వ్యాధి వచ్చెను. భుజముల నడుమ వీపునుండి మెడకు ప్రాకిన తీవ్రమైన నొప్పి. గుండెపోటేమో యని మొదట తలచి, పిమ్మట తన వ్యాధిని తానే గుర్తించెను. ఆ వయస్సున శస్త్రచికిత్సకు మొదట నంగీకరింపలేదు. చివరకు 2006 ఫిబ్రవరిలో ఆయన చిరకాల సహచరుడే, ఆయన కనిపెట్టిన పద్ధతిచొప్పుననే, శస్త్రచికిత్స చేసెను. బ్రతికి, లేచి, మరల పనిలోనికి వచ్చి, నూరేండ్లు నిండుటకు రెండు నెలలు తక్కువగా 2008 జూలైలో గతించెను.

ఇక ముఖ్యమైన సంగతి: గుర్తించు టెట్లు? అన్నిటికంటె పెద్ద గురుతు నొప్పి యొక్క తీరు. గుండెపోటు నొప్పి తరచుగా బరువు పెట్టినట్లు మొదలై క్రమముగా హెచ్చును. చీలిక నొప్పి యట్లు కాదు. పిడుగు పడినట్లు వచ్చును. మొదటి క్షణమే దాని పరమావధి. రోగులు తమంతట తామే చించినట్లున్నది, కత్తితో కోసినట్లున్నది అందురు. ఛాతీలోగాని, భుజముల నడుమ వీపులోగాని పుట్టి, చీలిక సాగినకొలది నొప్పియు స్థలము మారును. దానితో చెమటలు పట్టుట, స్పృహ తప్పుట, ఒక చేయిగాని కాలుగాని బలహీనమగుట, మాట తడబడుట, ఒక చేతి నాడి బలముగాను రెండవ చేతి నాడి నీరసముగాను ఉండుట కానవచ్చును. నొప్పి కొంతసేపటికి తగ్గినంత మాత్రమున గండము గడచినదని తలపరాదు. కొందరికి, ముఖ్యముగా వృద్ధులకు, నొప్పి స్వల్పముగా నుండి మూర్ఛయే మొదటి లక్షణ మగుటయు కలదు.

మన యిండ్లలో ఇట్టి నొప్పికి మొదటి పేరు “గ్యాసు.” వెంటనే సోడా, వాము నీళ్లు, వీపునకు అమృతాంజనము, కొంతసేపు చూతము, తెల్లవారనిమ్ము అనుట. ఈ ‘కొంతసేపే’ ప్రాణాంతకము. గుండెకు దగ్గరనున్న భాగము చీలినచో, చికిత్స లేనియెడల మొదటి రెండు దినములలో గంటగంటకు నూటికి ఒకరిద్దరు చొప్పున మరణింతురని వైద్యగ్రంథములు చిరకాలముగా చెప్పుచున్నవి. ఇటీవలి లెక్కలు కొంత తక్కువ చూపుచున్నను, గంటలతో లెక్కింపవలసిన వ్యాధియన్న మాట మారలేదు. పొరపాటు మన పల్లెలలోనే జరుగునని తలపవలదు. 1996 జనవరిలో న్యూయార్కు నగరమున జోనతన్ లార్సన్ అను 35 ఏండ్ల నాటకకర్త ఛాతీనొప్పితో కొలది దినములలో రెండు ఆసుపత్రులకు పోయెను. ఒకచోట తిండి వికటించినదనిరి, మరియొకచోట విషజ్వరమువంటిదనిరి, ఇంటికి పంపివేసిరి. ఆయన యేండ్ల తరబడి వ్రాసిన ‘రెంట్’ అను సంగీతనాటకము మొదటిసారి ప్రేక్షకుల యెదుట ప్రదర్శింపవలసిన దినమున తెల్లవారుజామున బృహద్ధమని చీలి మరణించెను.

పిల్లలారా, మీ యింట నిట్లు జరిగినచో చేయవలసినది చెప్పెదను, వినుడు. రోగిని నడిపింపవలదు, మెట్లెక్కింపవలదు, దింపవలదు. ఉన్నచోటనే సుఖముగా నుండునట్లు పరుండబెట్టి 108కి ఫోను చేయవలెను. ఈ 108 సేవ పుట్టినది మన పరిసరములలోనే. 2005 ఆగస్టు 15న ఇ. ఎమ్. ఆర్. ఐ. అను సంస్థ హైదరాబాదున దీనిని ఆరంభించెను. ఆ సంస్థ యొక్క కేంద్రస్థానము కాప్రాకు వాయవ్యమున, మేడ్చల్ త్రోవలో దేవరయాంజాల్‌నందు వెలసినది. అటనుండియే యీ సేవ దేశములోని పెక్కు రాష్ట్రములకు ప్రాకినది. ఫోనులో “తాతయ్యకు బాగోలేదు” అన్న చాలదు. నొప్పి హఠాత్తుగా వచ్చినదా, చించినట్లున్నదా, వీపులోనికి పోవుచున్నదా, ఎన్ని గంటలకు మొదలైనది, రక్తపోటు వ్యాధి కలదా యను సంగతులు చెప్పవలెను. నొప్పి మొదలైన వేళను కాగితముపై వ్రాసి యుంచుడు. కంగారులో ఎవరికిని జ్ఞాపకముండదు. పెద్దవారు వాడు మాత్రలను, పాత పరీక్షల కాగితములను సంచిలో వేసి సిద్ధముగా నుంచుడు. తినుటకుగాని త్రాగుటకుగాని ఇయ్యవలదు; శస్త్రచికిత్స జరుగవలసి రావచ్చును.

ఇచట నొక చిక్కున్నది. గుండెపోటునకు ఆస్పిరిన్ మాత్ర నమిలింపవలెనని చాలమంది చదివియున్నారు. గుండెపోటునకు అది మంచిదే. కాని రక్తము గడ్డకట్టుటను అడ్డగించు మందులు బృహద్ధమని చీలినవానికి కీడు చేయును. గడ్డలను కరిగించు ఇంజెక్షను మరింత ప్రమాదకరము. కావున నొప్పి పైన చెప్పిన తీరున నున్నప్పుడు, 108లో మాటలాడు వారుగాని వైద్యుడుగాని చెప్పనిదే, ఇంట నేమాత్రయు వేయకుండుట మేలు.

ఏ ఆసుపత్రికి పోవలెను? పెద్ద పేరున్న దానికని వెదకుచు పోరాదు. కాప్రానుండి పంజాగుట్టలోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థకు పోవలెనన్నను, ముషీరాబాదులోని గాంధీ ఆసుపత్రికి పోవలెనన్నను, తార్నాక, సికింద్రాబాదుల రద్దీలో ఎంతసేపు పట్టునో ఇటనుండి పోవువారందరెరిగినదే. మొదట చేరవలసినది సి.టి. స్కాన్ యంత్రమును, రాత్రింబవళ్లు వైద్యుడును గల సమీపపు ఆసుపత్రి. ఇ.సి.జి. పటము ఈ వ్యాధిలో సరిగానే యుండవచ్చును. ఛాతీ ఎక్స్‌రేలోను తెలియకపోవచ్చును. నరములోనికి రంగుమందు ఎక్కించి తీయు సి.టి. స్కాన్‌లో రెండు దారులును, నడుమ నూగులాడు పొరయు స్పష్టముగా కనబడును. రోగిని కదల్చుటకు వీలుకానిచో గుండెకు ధ్వనితరంగములతో చేయు ఎకో పరీక్ష తోడ్పడును. “ఇది బృహద్ధమని చీలిక కావచ్చునా?” అని వైద్యుని వినయముగా నడుగుటకు జంకరాదు. ఆ ప్రశ్న యడుగువారు లేకయే అనేకులు చనిపోయిరి.

నిర్ణయమైన వెంటనే నొప్పిని తగ్గించుటకును, గుండె వేగమును నిమిషమునకు 60కి దగ్గరగాను, రక్తపోటు పై అంకెను 100-120 నడుమకును దింపుటకును మందు లిత్తురు. దెబ్బ మెత్తనైన చీలిక సాగదు. తరువాతి కార్యము చీలిక యుండు చోటును బట్టి యుండును. గుండె వద్దనుండి పైకి లేచు భాగము చీలినచో ఆలస్యము లేక శస్త్రచికిత్స చేయవలెను: రొమ్మును తెరచి, గుండె ఊపిరితిత్తుల పనిని యంత్రమున కప్పగించి, దేహమును చల్లబరచి, చీలిన భాగమును కోసివేసి డేక్రాన్ గొట్టము నతుకుదురు. వీపులో దిగు భాగము మాత్రమే చీలినచో పెక్కుమందికి మందులే చాలును. కొమ్మలు మూసికొనినను, పగులు సూచనలున్నను, గజ్జలోని నాళము గుండా గుడ్డ తొడిగిన తీగగొట్టమును పంపి లోపలినుండి చిరుగును మూయుదురు. వ్యయము మాట తల్లిదండ్రులను కలవరపెట్టును. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకములో గుండె శస్త్రచికిత్సలు చేరియున్నవి. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరున కుటుంబమునకు ఏటికి 10 లక్షల రూపాయలకు హెచ్చింపబడినది. కార్డు ఎక్కడ నున్నదో ఇంటిలో అందరికిని తెలిసియుండవలెను.

ఈ వ్యాధి యెవరికి వచ్చును? వచ్చినవారిలో నూటికి డెబ్బదిమందికి పైగా రక్తపోటు గలవారే. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో మన దేశపు వయోజనులలో పురుషులలో నూటికి 24 మందికిని, స్త్రీలలో 21 మందికిని రక్తపోటు హెచ్చుగా నున్నట్లు తేలినది. దానికి నొప్పి లేదు, బాధ లేదు. కనుక తల తిరుగుట తగ్గగానే మాత్ర మానివేయుట మనవారి యలవాటు. మాత్ర మానినందున నాలుగు దినము లేమియు కాదు. ఐదవనాడు ఏమగునో చెప్పలేము. దినమునకు 5 గ్రాములకు లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనకు ఇది కఠినమైన మాటయే; అయినను చెప్పక తప్పదు. పొగత్రాగుట గోడను మరింత చెరచును.

రక్తపోటు లేని యౌవనులకు వచ్చుట కొకటి రెండు కారణములు గలవు. పుట్టుకతోనే ఆ నడిమి పొర తంతువులు బలహీనముగా నుండు మార్ఫాన్ అను స్థితి యొకటి. అది సుమారు ఐదువేలమందిలో ఒకరికి ఉండును. మిక్కిలి పొడవుగా సన్నముగా నుండుట, చాచిన చేతుల వెడల్పు ఎత్తును మించుట, సాలీడు కాళ్లవంటి పొడుగు వ్రేళ్లు, రొమ్ము గుంటపడుట, కంటి కటకము జరుగుట దీని గురుతులు. పొడవుగా నున్న ప్రతి బాలుడును రోగి కాడు; తోడి విద్యార్థుల నీ గురుతులతో నెగతాళి చేయుట తగదు. కాని పై గురుతులు కొన్ని కలసియున్నను, ఇంట నెవరైన చిన్న వయస్సున హఠాత్తుగా మరణించియున్నను, ఒకసారి గుండె ఎకో పరీక్ష చేయించుట మంచిది. వ్యాయామోపాధ్యాయులు దీనిని తెలిసియుండవలెను. అమెరికాదేశపు వాలీబాలు క్రీడాకారిణి ఫ్లో హైమన్ ఆరడుగుల ఐదంగుళముల పొడవు గలది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ క్రీడలలో ఆమె జట్టు వెండి పతకము గెలిచెను. 1986 జనవరి 24న జపానులో ఆట నడుమ విశ్రాంతికై ప్రక్కన కూర్చుండి ఒరిగిపోయి, మరల లేవలేదు. గుండెపోటని మొదట తలచిరి. మరణానంతర పరీక్షలో బృహద్ధమని తెగినదనియు, ఆమెకు మార్ఫాన్ స్థితి కలదనియు తెలిసెను. అంతట ఆమె తోబుట్టువులను పరీక్షింపగా ఒక సోదరునికి అదే దోషము బయటపడెను. వెంటనే శస్త్రచికిత్స చేసి యాతనిని బ్రతికించిరి.